బొబ్బిలి వెనక కొండలు: అడవి మీద బతికిన వారి చరిత్ర

1922 జూన్ 11న న్యూయార్క్‌లో ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ అనే మూకీ చిత్రం విడుదలైంది. కెనడాలో హడ్సన్ అఖాతం తూర్పు ఒడ్డున, మంచు మీద వేటాడి కుటుంబాన్ని పోషించుకునే ఒక ఇనూయిట్ మనిషి కథ అది. తీసినవాడు రాబర్ట్ ఫ్లాహర్టీ. డాక్యుమెంటరీ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ చిత్రంతోనే మొదలుపెడతారు. అందులో నానూక్‌గా కనిపించే వేటగాడి అసలు పేరు అల్లకరియల్లక్. అప్పటికే అక్కడి వేటగాళ్ల దగ్గర తుపాకులు ఉన్నాయి. ఫ్లాహర్టీ వాటిని పక్కన పెట్టించి, పాతకాలపు బరిసెలతో వేటాడించాడు. మంచు ఇంటి లోపల కెమెరాకు వెలుతురు చాలకపోతే పెద్ద ఇల్లు కట్టించి, ఒక పక్క తీయించేశాడు. ఈ సంగతులు సినిమా చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. వీటికంటే నాకు ముఖ్యంగా తోచేది వేరే ఉంది. ఆ చిత్రానికి డబ్బు పెట్టింది బొచ్చుతోళ్ల వ్యాపారం చేసే రెవియాన్ ఫ్రేర్ అనే ఫ్రెంచి కంపెనీ. వేటగాళ్లు తెచ్చిన నక్కతోళ్లు కొనేవాళ్లే ఆ సినిమా తీయించారు. తెరమీద మాత్రం కంపెనీ దుకాణం ఒక ఘట్టంలో కనిపించి మాయమవుతుంది. తక్కిందంతా మనిషీ, మంచూ, ఆకలీ.

ఆ చిత్రం విడుదలైన రెండు నెలల పై చిలుకు రోజులకు, ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం జనం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. వాళ్లూ అడవి మీద బతికేవాళ్లే. పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం, రోడ్డు పనికి కూలి ఇవ్వకుండా తోలిన అధికారి, ఆ కోపానికి ఈ రెండూ కారణాలు. అడవిలో బతికే మనిషి కథ చెబుతూ చట్టాన్నీ, షావుకారునూ, రోడ్డునూ వదిలేస్తే ఆ కథ సగమే అవుతుంది. ఉత్తరాంధ్ర కొండల చరిత్ర చదివిన కొద్దీ ఈ మాట నాలో గట్టిపడుతోంది.

బొబ్బిలి పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది కోట. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట కూలింది. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకున్నాడు. జంగం కథల నుంచి 1964లో వచ్చిన ఎన్టీ రామారావు చిత్రం దాకా ఆ యుద్ధాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్క లేదు. అయితే ఆ యుద్ధాన్ని రాసిన ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కోట గోడల గురించి ఎంత రాశాడో, దాని చుట్టూ కంచెలా వదిలిపెట్టిన దట్టమైన అడవి గురించీ అంత శ్రద్ధగా రాశాడు. ఈ ప్రాంతపు దొరలకు అడవే మొదటి ప్రాకారం. ఆ అడవి పడమరకూ ఉత్తరానికీ సాగి కొండలెక్కి, సాలూరు, పాచిపెంట, మక్కువ, పార్వతీపురం, కురుపాం మీదుగా ఇప్పటి ఒడిశాలోని రాయగడ, గుణుపురం వరకూ వెళ్లేది. కోటకు చరిత్ర ఉంది. కొండలకు మాత్రం చరిత్ర లేదన్నట్టుగా మన పుస్తకాలు నడిచాయి.

1907లో ఈ ప్రాంతం గురించి రెండు పుస్తకాలు అచ్చయ్యాయి. ఒకటి బొబ్బిలి మహారాజా వేంకట శ్వేతాచలపతి రంగారావు తమ జమీందారీ చరిత్రను పెంచి రాసుకున్న గ్రంథం. రెండోది ప్రభుత్వం తరఫున డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజెటీరు. వంశం, యుద్ధం, సనదులు మొదటి దాని విషయం. కొండజనం సంగతి గెజెటీరులోనే ఎక్కువగా దొరుకుతుంది. అయితే అక్కడ వాళ్లు అడవిని తగలబెట్టేవాళ్లుగా, అప్పుడప్పుడు ఫితూరీలు చేసేవాళ్లుగా కనిపిస్తారు. అడవిలో ఏడాది పొడుగునా ఎలా బతికారన్న ప్రశ్నకు ఆ పుటల్లో వరసల మధ్య జవాబు వెతుక్కోవాలి.

ఈ కొండల్లో ముఖ్యంగా ఉండేది సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు. సవర భాష ముండా కుటుంబానికి చెందింది; తెలుగుకూ దానికీ చుట్టరికం లేదు. జాతాపులు చాలావరకు తెలుగే మాట్లాడతారు. వీళ్లందరి బతుకుకూ ఆధారం ఒకే కొండవాలు కాబట్టి సాగు పద్ధతుల్లో పోలికలు ఎక్కువ.

పోడు ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. చలికాలంలో చోటు ఎంచుకుంటారు. చెట్లు కొట్టేటప్పుడు మొదలంటా కొట్టరు. మోకాలెత్తు మొద్దు వదిలేస్తే నేల విడిచి వెళ్లాక అది మళ్లీ చిగురిస్తుంది. ఇప్ప, చింత, మామిడి, పనస, జీలుగు చెట్ల మీద గొడ్డలి పడదు. కొట్టిన కొమ్మలు ఎండలకు ఎండుతాయి. ఎండాకాలం నడుమ తగలబెడతారు. తొలకరి పడేసరికి బూడిద నేలలో కలుస్తుంది. దున్నడం ఉండదు, వాలు మీద నాగలి పెడితే మట్టంతా కిందికి కొట్టుకుపోతుంది. కొంకితో నేల గీరి, సామ, కొర్ర, చోడి, జొన్న, గంటి, కంది, బొబ్బర గింజలు ఒకే చేలో చల్లుతారు. ముందు సామ చేతికొస్తుంది, తరవాత కొర్ర, చోడి, జొన్న. అన్నీ కోసుకున్నాక కూడా కంది కొండ మీద నిలబడి ఉండి సంక్రాంతి దాటాక కోతకొస్తుంది. వాన ముందొచ్చినా వెనకొచ్చినా ఏదో ఒక పంట దక్కుతుంది. ఒక్క పంట మీద ప్రాణం పెట్టుకోకపోవడమే ఈ సాగులోని ఆయువుపట్టు. రెండు మూడేళ్లు పండించి ఆ చోటు వదిలేసి, అడవి మళ్లీ కమ్ముకునేదాకా అటు వెళ్లరు. అడవిపంది, కొండముచ్చు రాకుండా మంచె మీద రాత్రులు కాపలా ఉంటారు. కలుపు తీత, కోత, దంపుడు, ఈ పనుల్లో బరువంతా ఆడవాళ్ల మీదే.

సవరల నేర్పు పోడుతోనే ఆగలేదు. గెడ్డల (కొండవాగుల) వెంట కొండవాలును మెట్లుమెట్లుగా తొలిచి, రాళ్లు పేర్చి గట్లు కట్టి వరి పండించారు. ఆ రాతిగట్లు కొన్నిచోట్ల మనిషెత్తును మించి ఉంటాయి, వాటి వెనక దక్కే మడి రెండు మూడు బారలు కూడా ఉండదు. సున్నం లేదు, సిమెంటు లేదు. గెడ్డ నీటిని మడి నుంచి మడికి దించే తీరు చూసినవాళ్లెవరూ ఈ జనాన్ని వ్యవసాయం రానివాళ్లనలేరు. పోడును నిందిస్తూ దస్తాలకొద్దీ రాసిన అధికారులు ఈ రాతిమడుల గురించి మెచ్చుకోలుగా రెండు వాక్యాలు రాసి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పంట చేతికొచ్చే దాకా గడవాల్సిన నెలలు కష్టమైనవి. జ్యేష్ఠం నుంచి భాద్రపదం దాకా గాదెలు ఖాళీ. అప్పుడు ఆదుకునేది అడవే. దుంపలు తవ్వుతారు. వెదురు కొమ్ములు ఏరుతారు. పుట్టగొడుగులు, ఆకుకూరలు తెచ్చుకుంటారు. వీటిలో మామిడి టెంకకు ప్రత్యేక స్థానం ఉంది. పండ్లు తిన్నాక టెంకలు పారేయరు. ఎండబెట్టి పగలగొట్టి లోపలి జీడి తీస్తారు. అది వగరు. ఆ వగరు పోయేదాకా నీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ ఎండబెట్టి దంచి, ఆ పిండితో అంబలి కాస్తారు. సరిగా ఎండి నిల్వ ఉంటే అది వానాకాలమంతా ప్రాణం నిలుపుతుంది. చెమ్మ తగిలి బూజు పడితే ప్రాణం తీస్తుంది. 2001లో రాయగడ జిల్లా కాశీపురంలో పాడైన మామిడి టెంకల అంబలి తాగి కొండజనం చనిపోయినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. అప్పుడు పత్రికలు టెంక అంబలిని ఆకలిచావుకు గుర్తుగా రాశాయి. నిజానికి అది తరతరాల విద్య. గింజలు కొనుక్కునే స్థితి ఉన్నవాడికి అది ఒకానొక తిండి మాత్రమే. గింజలు లేనివాడికి అదే మొత్తం తిండి అయినప్పుడు ప్రమాదం వస్తుంది. రెంటికీ తేడా అడవిలో లేదు, అప్పుల్లో ఉంది.

ఇక జీలుగు. కొండజనం ఆ చెట్టు కల్లు తాగుతారన్నది అందరికీ తెలుసు. మరీ గడ్డు రోజుల్లో ముదిరిన చెట్టును పడగొట్టి, కాండం లోపలి మెత్తని భాగాన్ని దంచి, పిండి తీసి కాచుకు తాగేవారు. ఏళ్ల తరబడి కల్లు ఇచ్చే చెట్టును కొట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. చెట్టు పడిందంటే ఆ ఇంట్లో ఆకలి ఎంతవరకు వచ్చిందో ఊరికి తెలిసేది.

ఏ పంటనూ ముందుగా దేవతలకూ పెద్దలకూ పెట్టకుండా నోట పెట్టుకోరు. మామిడికి కొత్త, కందికి కొత్త, ఇలా పంట పంటకూ ఒక కొత్త పండుగ. చనిపోయినవాళ్ల కోసం నిలువురాళ్లు పాతి, దున్నపోతును బలి ఇచ్చే ఆచారం సవరల్లో ఉండేది. ఇంటి గోడ మీద వేసే బొమ్మల్లో మనుషులు, ఏనుగులు, చెట్లు, ఎలుగులతో పాటు తుపాకీ పట్టిన జవాను, రైలు, విమానం కూడా కనిపిస్తాయి. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1940లలో గంజాం, కోరాపుట్ కొండల్లో తిరిగి, సవరల మతం గురించి 1955లో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆ గోడబొమ్మలకు అందులో విలువైన చోటు దక్కింది. బయటి ప్రపంచాన్ని ఎరగని జనం అని మనం అనుకున్నవాళ్లు జవానునూ రైలునూ తమ గోడల మీద రాసిపెట్టుకున్నారు.

ఆ జవాను కొండెక్కిన కథ 1802 నుంచి చెప్పాలి. ఆ ఏడు శాశ్వత శిస్తు నిర్ణయంతో విశాఖపట్నం జిల్లా జమీందారుల పాలైంది. బొబ్బిలి, సాలూరు, పాచిపెంట, కురుపాం, మేరంగి, చెముడు, సంగంవలస, ఇలా కొండలన్నీ ఏదో ఒక ఎస్టేటు లెక్కలో చేరాయి. కొండ మీద ఏ రైతుకూ ఆ సంగతి అప్పట్లో తెలిసి ఉండదు. 1830లలో పర్లాకిమిడి, పాలకొండ ప్రాంతాల్లో తిరుగుబాట్లు చెలరేగితే అణచడానికి జార్జ్ రస్సెల్‌ను పంపారు. అతడి సలహా మీద 1839లో ప్రత్యేక చట్టం చేసి, కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కింద నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా పెట్టి ఏలారు. మనం ఇప్పటికీ ఏజెన్సీ అంటున్నది అక్కణ్ణుంచి వచ్చిన మాటే.

సర్కారుకంటే ముందే కొండెక్కినవాడు షావుకారు. ఉప్పు కొండ మీద పుట్టదు. గుడ్డా, ఇనుమూ కూడా పుట్టవు. వాటి కోసం చింతపండు, కరక్కాయ, పసుపు, అడ్డాకులు, ఇప్పపువ్వు, తేనె, కొండచీపుర్లు కావడిలో మోసుకుని సంతకు దిగాలి. సంతలో షావుకారు కొనే కుంచం వేరు, ఇచ్చే కుంచం వేరు. వానాకాలంలో తిండిగింజలు అప్పిచ్చి, పంటకాలంలో ఒకటికి ఒకటిన్నరా రెండూ కొలిపించుకునేవాడు. అప్పు తీరక, ముందు కొడుకు పాలేరయ్యేవాడు. తరవాత చింతచెట్టు పోయేది, ఆ తరవాత రాతిమడి పోయేది. పోడు కొండకు పట్టా ఉండేది కాదు కాబట్టి షావుకారు దాన్ని ముట్టుకునేవాడు కాదు. తాతలు రాళ్లు పేర్చి కట్టిన మడి మీదే అతడి కన్ను. అందువల్ల ఎవరు ఎంత కష్టపడి స్థిర వ్యవసాయం చేస్తే వాళ్లే అంత తొందరగా పోడుకు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. కొండజనానికి నిలకడ లేదని ఫిర్యాదు చేసిన అధికారులు ఈ కారణం వెతకలేదు. 1917లో ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయకూడదని చట్టం వచ్చేసరికి మంచి మడుల్లో చాలావాటికి యజమానులు మారిపోయారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. జమీందారీ కొండల మీద దాని పట్టు నేరుగా అంతగా లేకపోయినా, అడవికి యజమాని ఉంటాడన్న ఆలోచన కొండలన్నిటికీ పాకింది. కలప అమ్ముకునే జమీందారుకు పోడు నచ్చదు. రైలు వచ్చాక కలపకు గిరాకీ పెరిగింది. విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా పార్వతీపురానికి 1908-09లో పట్టాలు పడ్డాయి. 1931 నాటికి అవి కొండలు దాటి రాయపూరు చేరాయి.

ఆ రైలుకు కొన్నేళ్ల ముందు, సాలూరు తాలూకా పాచిపెంట కొండల్లోని కొర్రవానివలసలో జరిగిన సంఘటనకు మన చరిత్రలో దక్కాల్సిన చోటు దక్కలేదు. కొర్ర మల్లయ్య అనే కొండదొర తాను పాండవుల్లో ఒకరి అవతారమన్నాడు. పసివాడైన కొడుకు శ్రీకృష్ణుడన్నాడు. తెల్లవాళ్లను వెళ్లగొట్టి తానే ఏలుతానన్నాడు. ఏజెన్సీ నలుమూలల నుంచీ నాలుగైదు వేలమంది అతడి దగ్గర చేరారు. వెదుళ్లు నరికి తుపాకుల ఆకారంలో చెక్కుకున్నారు. సమయానికి అవి నిజం తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీరవుతాయనీ నమ్మారు. 1900 మే 1న సంగతి చూడ్డానికి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపారు. మే 7న తెల్లవారుతుండగా రిజర్వు పోలీసులు శిబిరం మీద పడి కాల్పులు జరిపితే పదకొండుమంది చనిపోయారు. అరవైమంది మీద విచారణ జరిగింది. మల్లయ్య జైల్లోనే పోయాడు. ఇద్దరిని ఉరి తీశారు. ఆ పసివాడూ బతకలేదు. సరిగ్గా ఇరవై నాలుగేళ్ల తరవాత అదే మే 7న సీతారామరాజును చంపారు.

గెజెటీరు ఈ కథను పిచ్చినమ్మకంగా చెప్పి ముగిస్తుంది. నేను అలా చదవలేను. చేతిలో వెదురు తప్ప మరేమీ లేని జనం ఆ వెదురు తుపాకీ కావాలని కోరుకున్నారంటే, అప్పటికి వాళ్లు తుపాకీ దెబ్బ ఎరిగినవాళ్లే అయి ఉండాలి. వేలమంది పంటలు వదిలి ఒక వలసలో చేరడం చిన్న విషయం కాదు. వాళ్ల ఫిర్యాదులేమిటో అడిగి రాసుకున్నవాడు లేడు.

అడిగి రాసుకున్నవాడు ఒకడు పర్లాకిమిడిలో ఉన్నాడు. గిడుగు రామమూర్తి పంతులు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880 నుంచి పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. సవరలు సంతలో మోసపోవడం చూసి, సవర మాట తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలో సవరల అధ్యాయానికి ఆయన ఇచ్చిన సమాచారం ముఖ్య ఆధారంగా నిలిచింది. కొండల్లో తిరిగి తిరిగి జ్వరాలపాలై, మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ను ప్రతి ఆగస్టు 29న తలుచుకుంటున్నాం, మంచిదే. ప్రజల మాటకు విలువ ఉందన్న నమ్మకం ఆయనకు సవరల గుడిసెల్లోనే గట్టిపడిందని నా అభిప్రాయం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. ఆ రోజునే ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. రాయగడ, గుణుపురం, కోరాపుట్ కూడా ఒరిస్సాలో కలిశాయి. సవర దేశం రెండు ముక్కలయింది. ఒకే గెడ్డకు ఇటూ అటూ ఉన్న చుట్టాలకు రెండు ప్రభుత్వాలు, రెండు బడిభాషలు వచ్చాయి. ఆ ఏడాదే మంగెయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించాడు.

1932లో బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1937 ఎన్నికల్లో సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలే పోయాయి. మైదాన రైతుకు అది విముక్తి. కొండ మీద జరిగింది వేరు. ఎస్టేటు అడవులు ప్రభుత్వానికి దఖలు పడి, జమీందారు మనిషి ఉన్న చోటికి ఫారెస్టు గార్డు వచ్చాడు. పోడు మీద జరిమానా, మామూలు, కేసు పెరిగాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ సరుకు కొనడం మొదలుపెట్టింది. షావుకారు పెత్తనానికి అది నిజమైన ప్రత్యామ్నాయం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1959 నాటి భూబదిలీ నిబంధన కాగితం మీదే ఉండిపోయింది.

ఇక్కడ మళ్లీ ఉత్తర ధ్రువం వైపు ఒకసారి చూడాలి. 1968 మే నెలలో రిచర్డ్ ప్రెన్నికీ అనే అమెరికన్ మెకానిక్ అలాస్కాలోని ట్విన్ లేక్స్ ఒడ్డుకు చేరాడు. చేతి పనిముట్లతో దుంగల ఇల్లు కట్టుకుని, తన పనిని తానే 16 ఎం.ఎం. కెమెరాతో తీసుకుంటూ, ముప్ఫై ఏళ్ల పాటు అక్కడే కాలం గడిపాడు. ఆ ఫిల్ముతో తరవాత కూర్చిన ‘అలోన్ ఇన్ ది వైల్డర్‌నెస్’ అనే చిత్రాన్ని లక్షలమంది ఇష్టంగా చూశారు, నేనూ ఇష్టపడ్డాను. ఒక మనిషి రంపంతో, ఉలితో, ఓపికతో ఎంత చేయగలడో అది చూపిస్తుంది. అయితే అతడికి సరుకులు విమానంలో వచ్చేవి. ఆ సరస్సుల ప్రాంతం అంతకు వేల ఏళ్ల ముందు నుంచీ డెనైనా జాతి వేటకు, చేపలకు తిరిగిన నేల. నిర్జనం అన్న మాట అక్కడా పూర్తి నిజం కాదు.

అదే 1968లో బొబ్బిలి వెనక కొండల్లో పరిస్థితి వేరు. మొండెంఖల్లు ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అప్పటికే గిరిజన సంఘాన్ని నిలబెట్టారు. తాకట్టులో పోయిన భూములు తిరిగివ్వాలి, కూలి పెంచాలి, అటవీ సరుకుకు న్యాయమైన ధర ఇవ్వాలి, పోడు కొట్టుకోనివ్వాలి, ఇవీ అడిగినవి. 1967 అక్టోబర్ 31న సంఘం సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులను కోర్టు వదిలేసింది. 1968 నవంబర్ 25న పెదగొట్టిలిలో గిరిజనులు ఒక భూస్వామి ఇంట్లోని ధాన్యం తీసుకుని, అప్పు పత్రాలు తగలబెట్టారు. ఆ మంట వెనక కుంచాల మోసం, పోయిన రాతిమడులు, జీలుగుచెట్టు పడిన రోజులు, అన్నీ ఉన్నాయి. తరవాతి కథ తెలిసిందే. సాయుధ పోరాటం, కల్లోలిత ప్రాంత ప్రకటన, ఎన్‌కౌంటర్లు. 1970 జులై 10న సత్యం, కైలాసం చనిపోయారు. ఆ పోరాట మార్గం గురించి ఎవరి అభిప్రాయం వారిది. ఆ ఏడాదే వచ్చిన 1/70 నిబంధన మాత్రం ఆ రక్తం లేకుండా వచ్చేది కాదన్నది నేను నిస్సంకోచంగా చెప్పగలను. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడిదేనని మొదట భావించాలని ఆ నిబంధన చెప్పింది. ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు ఆ నిబంధనే పునాది.

పోడు విషయంలో నా తీర్పు కూడా చెప్పాలి. అడవి తిరిగి పెరగడానికి పది పన్నెండేళ్లు విడుపు ఉన్నప్పుడు పోడు అడవిని చంపలేదు. జనం పెరిగి, మడులు చేజారి, రిజర్వు గీతలు దగ్గరికి జరిగి, విడుపు మూడు నాలుగేళ్లకు కుదించుకుపోయాక కొండలు బోడివయ్యాయి. తప్పును గొడ్డలి పట్టినవాడి మీదే వేసి, విడుపును మింగినవాళ్లను వదిలేయడం చరిత్ర కాదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం పథకం వచ్చాక వానాకాలపు ఆకలి తగ్గింది. ఇది చిన్న మేలు కాదు. గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వేయించిన జీడిమామిడి తోటలు పోడు కొండలను కప్పాయి. సీతంపేట అనాసపళ్లు లారీలెక్కాయి. చేతిలో రొక్కం ఆడింది. అదే సమయంలో సామ, కొర్ర, కొండకంది విత్తనాలు చాలా ఇళ్లలో తప్పిపోయాయి. 2006 అటవీ హక్కుల చట్టం పోడు భూమికి వ్యక్తిగత పట్టా ఇవ్వడంతో పాటు, ఊరుమ్మడి అడవి మీద గ్రామసభకు హక్కు ఇచ్చింది. మొదటిది ఎక్కువగా అడిగారు, అధికారులు ఎక్కువగా ఇచ్చారు. రెండోది వెనకబడింది. అడవి మీద బతుకు ఎప్పుడూ ఒక్కడి పని కాదు కాబట్టి, ఆ రెండోదే అసలైన హక్కని నేననుకుంటాను. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయింది. బొబ్బిలి విజయనగరం జిల్లాలోనే ఉండిపోయింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఇప్పటికీ పనసమాను తొలిచి వీణలు చేస్తున్నాయి. మైదానపు సంగీతానికీ చెట్టుకూ ఉన్న సంబంధాన్ని జిల్లా గీతలు తెంచలేవు.

పియర్స్ విటెబ్స్కీ అనే కేంబ్రిడ్జి మానవశాస్త్రజ్ఞుడు 1970ల నుంచి ఒడిశా వైపు సవరల మధ్య ఏళ్ల తరబడి ఉండి, చనిపోయినవాళ్లతో వాళ్లు జరిపే సంభాషణల గురించి 1993లో పుస్తకం రాశాడు. తరవాత సైబీరియా వెళ్లి ధ్రువపు జింకలను మేపుకునే ఎవెన్ జాతి గురించి 2005లో ఇంకొకటి రాశాడు. మళ్లీ సవరల దగ్గరికి వచ్చి, కొత్త తరం క్రైస్తవం తీసుకుని పెద్దల సంభాషణలు మానేసిన మార్పును 2017లో పుస్తకంగా తెచ్చాడు. ఉత్తరపు మంచునూ మన కొండలనూ ఒకే శ్రద్ధతో చూసిన మనిషి ఆయన. ఎవెన్‌ల గురించి రాసేటప్పుడు సోవియట్ ప్రభుత్వం వాళ్లను సామూహిక క్షేత్రాల్లో ఎలా కట్టిపడేసిందో రాశాడు, జింకల గురించి ఎంత రాశాడో దాని గురించీ అంతే రాశాడు. అడవి బతుకును రాయాల్సిన తీరు అదే.

ఇప్పుడు పార్వతీపురం, సీతంపేట, సాలూరు కొండల్లో కాలేజీ చదువుకున్న సవర, జాతాపు, కొండదొర పిల్లలున్నారు. వాళ్ల చేతిలో ఫోను ఉంది. దాంతో మంచి చిత్రం తీయవచ్చు. నా విన్నపం వాళ్లకే. ఒక ఏడాది పాటు మీ ఊరి కొండను తీయండి. అవ్వ టెంకలు నానబెట్టడం తీయండి. తాత రాతిగట్టు సరిచేయడం తీయండి. కొత్త పండుగ తీయండి. అంతటితో ఆపవద్దు. సంతలో తూకం తీయండి, ఫారెస్టు చెక్‌పోస్టు తీయండి, గ్రామసభలో హక్కు పత్రం అడిగిన రోజు తీయండి, రేషను బియ్యం వచ్చే బండి తీయండి. మాట్లాడిన ప్రతి మనిషి పేరూ, ఊరి పేరూ, తేదీ చివర వేయండి. సవరలో మాట్లాడితే సవరలోనే ఉంచి, కింద తెలుగు వేయండి. ఒక ప్రతి ఊరి బడిలో పెట్టండి. పెద్దవాళ్లు ఉండగానే, ఈ చైత్రంలోనే మొదలుపెట్టండి.